గుమ్మం దాటిన ఊపిరి

సహోదరులారా, మీరందరూ ఇక్కడ ఆరాధనలో పాడుతున్న ఆదివారాల్లో నేను అల్మాస్‌గూడలో మా ఇంటి గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చేదాన్ని! నా ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. మంచం పక్కన కరెంటుతో నడిచే ఆక్సిజన్ మెషిన్, దాని గొట్టం నా ముక్కుకు, ఆ గొట్టం ఎంతవరకు సాగితే అంతవరకే నా లోకం. దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణంలో పొద్దంతా నిలబడి అమ్మిన మనిషిని, గేటు దాకా పోలేకపోయాను. మా అమ్మాయి సునీత ఫోనులో ఆరాధన పెట్టేది గాని, పక్కన కూర్చున్న అక్క శ్రుతి తప్పి పాడుతుంటే నవ్వు ఆపుకుంటూ మనమూ గొంతు కలపడం ఫోనులో ఎక్కడ దొరుకుతుంది! దానికోసమే నా ప్రాణం కొట్టుకుపోయింది.

మా బావగారు చూడవచ్చి, "విశ్వాసముంటే గా గొట్టం తీసెయ్, శాంతమ్మా" అన్నారు. సునీత ఊరుకోలేదు. "పెద్దనాయినా, జర నీ కళ్లద్దాలు తీసి వాక్యం చదువు, గప్పుడు మా అమ్మ గొట్టం తీస్తది" అంది. ఆయన చాయ్ తాగి వెళ్లిపోయారు. కళ్లద్దాలు దేవుని దయ, గొట్టం మాత్రం అవిశ్వాసమా? ఇదెక్కడి న్యాయం!

భుజానికి తగిలించుకునే బ్యాటరీ మెషిన్ ఒకటుందని, దానితో బయట తిరగవచ్చని డాక్టరమ్మ రాసిచ్చింది. సునీత ఆఫీసు ఇన్సూరెన్స్‌లో నేనూ ఉన్నాను. ఇంట్లో మెషిన్‌కు కిరాయి కట్టిన ఆ కంపెనీవాళ్లు దీని కాగితాలు మాత్రం తిప్పి పంపారు. రోగికి ఆయాసమున్నట్టు డాక్టరు రాతలో ఎక్కడా లేదట, బయట తిరిగే మెషిన్ వట్టి సౌకర్యమట! నా ఆశ వాళ్లకు సౌకర్యంగా కనిపించింది.

ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్‌లో ఎల్బీ నగర్ దవాఖానకు పోయి అడిగితే డాక్టరమ్మ నా మొహం చూసి, "అమ్మా, ఎప్పుడొచ్చినా ఎట్లున్నరని అడిగితి. దేవుని కృపతో బాగున్న అంటిరి. మీరు చెప్పిందే రాసిన" అంది.

"డాక్టరమ్మ ముంగట గూడ సాక్ష్యమే చెప్పొస్తివానే అమ్మా!" అని సునీత తల పట్టుకుంది.

సహోదరులారా, ఇది నా ఒక్కదాని అలవాటా? "బాగాలేదు" అంటే విశ్వాసం సన్నగిల్లిందని గుసగుసలు పోయేది మనమే కదా! ప్రభువు దగ్గరికి వచ్చిన రోగులు బాగున్నామని చెప్పుకోలేదు, కేకలు వేశారు. మనం ఆయన కృపను తెచ్చి మన బాధ మీద మూత పెట్టాం.

ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని ఇలా ప్రార్థించాను: "తండ్రీ, నీ పేరు చెప్పి నా ఆయాసాన్ని దాచను. ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరియ్యి. నలుగురి నడుమ నిలబడి నీకొక పాట పాడాలని ఉందయ్యా."

తర్వాత వెళ్లినప్పుడు అంతా చెప్పాను, స్నానం చేస్తూ చతికిలబడిపోవడం, మాట సగంలో తెగిపోవడం, నాలుగడుగులకే కళ్లు చీకట్లు కమ్మడం. డాక్టరమ్మ గొట్టం తీసి, వేలికి క్లిప్పు పెట్టి వరండాలో నడిపించింది. సగం దూరంలోనే ఆక్సిజన్ పడిపోయి, నర్సు కుర్చీ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కూర్చుంటే పర్వాలేదు గాని ఆక్సిజన్ లేకుండా ఈమె నడవలేదని డాక్టరమ్మ రాసింది, సునీత ఆ కాగితాలు మళ్లీ కంపెనీకి పంపింది, చివరికి ఒప్పుకున్నామని కబురొచ్చింది!

మెషిన్ ఆకాశం నుంచి దిగిందని నేను చెప్పను, అది అబద్ధ సాక్ష్యం అవుతుంది. డాక్టరు పరీక్ష చేసింది, బిడ్డ పట్టు విడవలేదు, కంపెనీ తన నియమం పాటించింది. కాని నిజం చెప్పే నోరు నాకెవరిచ్చారు? దేవునికే మహిమ!

నా జబ్బు పోలేదు. ఒక చరణం పాడి ఊపిరి కోసం ఆగుతాను, తర్వాతి చరణం మీరు అందుకుంటారు, అదే నాకు చాలు. కాని మీ ఇళ్లలో ఇంకా గోడ ప్లగ్గుకు కట్టేసినట్టు ఉన్నవాళ్ల మీదే నా మనసంతా. ప్రభువును నమ్మి, ఉన్న బాధంతా ఆయనతోనూ డాక్టరుతోనూ చెప్పుకోమనండి. చార్జింగ్ పెట్టుకునే చోటు ఆ కిటికీ కింద ఉంది, నేను అక్కడే కూర్చుంటాను. నా పక్క కుర్చీ వాళ్ల కోసమే, అందులో ఇంకెవరినీ కూర్చోనివ్వడం లేదు.