బూరుగు దూది పరుపులు

ఉద్యోగ విరమణ చేసిన మరుసటి వేసవిలో, భద్రాచలం దగ్గర తెరచాప పడవ మాట్లాడుకుని, ఇసుక తిప్పల మీద ఆగుతూ దిగువ కొండల దాకా బయలుదేరాను. పరుపులు కుట్టే సాయిబు ఒకతను కూడా ఎక్కాడు. కొండకింది ఊళ్లో మరునాటి పెళ్లికి రెండు కొత్త పరుపులు తీసుకుపోతున్నాడు.

మధ్యాహ్నం గాలి తిరగబడింది. పడవతను తెరచాప దించి, ఒక తిప్ప పక్కన లంగరు వేశాడు. పరుపులు ఒడ్డున పడేసి ముగ్గురం మోకు పట్టుకున్నాం. ఇసుక ముఖాన్ని గీరేసింది. గాలి పడవను గుంజినప్పుడల్లా లంగరు ఇసుకను దున్నుకుంటూ జారింది. నా అరచేతుల తోలు మోకుతోపాటు లేచిపోయింది. గాలి తోసే వైపునే బండలు. అక్కడికి జారితే పడవ ముక్కలే. పడవతనికి ఉన్నది ఆ ఒక్కటే.

"దూది తీసెయ్ భాయ్," అన్నాడు పడవతను. "పరుపు గలీబులల్ల ఇసుక నింపి పాతితెనే మోకు ఆగుతది."

"నా పరుపులెందుకు? నీ తెరచాపల నింపుకో."

"తెరచాప పాతిపెడ్తే రేపు పెళ్లికి నిన్ను ఎవరు మోసుకపోతరు?"

అంటూనే ఒక చేత్తో పరుపు లాగాడు. సాయిబు అతని మూతి మీద గుద్దాడు. పెదవి చీలి, నెత్తురు గడ్డం మీదికి కారింది. పడవతను తిరిగి కొట్టలేదు. కొట్టాలంటే మోకు వదలాలి.

అంతలో పడవ అడ్డం తిరిగి, మోకు వదలని మా ఇద్దరినీ మోకాళ్ల మీద నీళ్లలోకి ఈడ్చింది. సాయిబు ఆ నెత్తురు వంక చూశాడు. జేబులోంచి దబ్బనం తీసి, తన కుట్లు తానే తెంపాడు. బూరుగు దూది గుప్పున లేచి గోదావరి మీదుగా కొట్టుకుపోయింది. మమ్మల్ని తిడుతూనే గుంట తవ్వి, గలీబులను అందులో దించి ఇసుక నింపాడు. వాటికి మోకు చుట్టి పూడ్చేశాం. మోకు బిగుసుకుని మూలిగింది కానీ కదల్లేదు.

పొద్దుగుంకే ముందు గాలి పడిపోయింది. ఇక బయలుదేరుదామన్నాను. పడవతను తెరచాప జోలికి పోలేదు. మోకాళ్లూని గుంట తవ్వడం మొదలుపెట్టాడు.

"గలీబులు చినగకుండ తియ్యి భాయ్," అన్నాడు వాచిన పెదవితో. "ఆ ఊళ్లె మా వదినె ఇంటెనుక బూరుగు చెట్టుంది. కాయలు పగిలినయి."

"దూది ఏకేదెవరు? మీ వదినెనా?"

"నువ్వే. చేతిల బలం బాగనే ఉంది గద."