నలుగురికీ ఒకటే తాళంచెవి

పొద్దున్నే ఆఫీసులో కంప్యూటర్ తెరవగానే బల్ల మీద ఫోన్ గుర్రుమంటుంది. లోపలికి వస్తున్నది మీరేనా అని అడుగుతుంది. అవునని నొక్కుతాను. ఖర్కాయ్ వంతెన మీద ఆటోలో ముప్పావు గంట కుదుపులు తిని, ఆదిత్యపూర్ దుమ్ము మింగి వచ్చాక, నేను కాక ఇంకెవరుంటారని విసుక్కుంటాను కూడా. కానీ ఆ చప్పుడు వింటే సింహాచలం బాబాయ్ గారు గుర్తుకొస్తారు. ఆయన లేకపోతే ఈ కుర్చీలో నేనుండేదాన్ని కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. బర్మామైన్స్‌లో మా సందు చివర ఉండేవారు. వాళ్ల నాన్నగారి కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చేసిన కుటుంబం. స్టీలు ప్లాంటులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా రిటైరై, మెషీన్లకు వేసే బుష్‌లు తయారుచేసే మా చిన్న కంపెనీలో చేరారు. కరెంటు తెలిసినవాడికి కంప్యూటర్లూ తెలుస్తాయని మా యజమాని నమ్మకం, అందుకని కంపెనీ వెబ్‌సైట్ కూడా ఆయన నెత్తినే పడింది. ఆ వెబ్‌సైట్ ఎక్కడో బయటివాళ్ల సర్వర్‌లో ఉండేది. దాని వెనక ఒక డాష్‌బోర్డు. బుష్‌ల డ్రాయింగులు పెట్టాలన్నా తీయాలన్నా అందులోకే వెళ్లాలి. యజమానికి, బాబాయ్ గారికి, సేల్స్ చూసే రాకేశ్‌కి, నాకు, నలుగురికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. వచ్చిపోయే వాళ్లంతా చదువుకునేలా దాన్ని గోడ మీది క్యాలెండర్‌లో రాసి పెట్టాం.

ఒక వర్షాకాలంలో కొత్త డ్రాయింగ్ ఉండాల్సిన చోట పాతది ఎక్కింది. వర్క్‌షాపులో దాన్నే చూసి సరుకు చేశారు. లారీ సరుకంతా వెనక్కి వచ్చింది. యజమాని మమ్మల్ని నిలబెట్టి అరిచారు. "నామ్ బతావో! పేరు చెప్పండి. ఆ మనిషి ఇవాళే ఇంటికి!" డ్రాయింగులు ఎక్కువగా పెట్టేది నేనే కాబట్టి చూపులన్నీ నా మీదే పడ్డాయి. మా ఆయన కాంట్రాక్టు పని ఆగిపోయి అప్పటికి నాలుగు నెలలు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. నేను కాదన్నాను.

బాబాయ్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ హిందీలో తాపీగా అన్నారు. "సార్, నలుగురికీ ఒకటే తాళంచెవి ఇచ్చారు. ఇప్పుడు తలుపు తీసిందెవరంటే ఎవరం చెప్పగలం? తీసేస్తే నలుగురినీ తీసేయండి. ముందు నన్ను." నలుగురిలో యజమాని కూడా ఒకరు కదా! ఆయన లోపలికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం బాబాయ్ గారు ఆటో స్టాండు దాకా నాతో నడిచారు. "ప్లాంటులో మెషీన్ రిపేరుకి దిగితే ఏటి సేత్తారో తెలుసా? ఎవుడూ కరెంటు ఎయ్యకుండా స్విచ్చికి ఎవుడి తాళం ఆడే ఎయ్యాల. ఆడే తియ్యాల. ఒకడు తాళం తియ్యకుండా గోల్‌మురిలో ఇంటికెల్లిపోనాడు. ఆ తాళం కోసీమన్నాడు పెద్ద సాహెబు. నాను కొయ్యనన్నాను. ఆడు సైకిలు మీద ఎనక్కొచ్చీదాకా రెండు గంటలు లైను ఆగిపోనాది. నన్ను తిట్టని తిట్టు లేదనుకో."

"అంత మొండితనం ఎందుకు బాబాయ్ గారూ?"

"కోసీసినాక లోపల మనిషుంటే ఏటి సేత్తామమ్మా?"

తర్వాత పదిహేను రోజులు ఆ సర్వర్ వాళ్లతో ఫోన్‌లో పోరాడారు. చివరికి వెబ్‌సైట్‌కి విడిగా పాస్‌వర్డ్ అన్నదే లేకుండా పోయింది. పొద్దున ఎవరి ఆఫీసు మెయిల్‌తో వాళ్లు, తమ ఫోన్‌లో అవునని నొక్కి, ఒక్కసారి లోపలికి వెళ్తే చాలు, డాష్‌బోర్డు కూడా తెరుచుకుంటుంది. ఎవరు ఏం పెట్టారో, ఏం తీశారో పేరుతో సహా అందులో ఉండిపోతుంది. రాకేశ్ నెల రోజులు మూతి ముడుచుకున్నాడు. పేర్లు తీసే, చేర్చే పని బాబాయ్ గారు నాకు నేర్పారు.

రెండేళ్లకు ఒక సోమవారం వెబ్‌సైట్‌లో డ్రాయింగుల పేజీ అంతా ఖాళీ. నేను డాష్‌బోర్డులోకి వెళ్లి చూశాను. చెరిపింది బాబాయ్ గారు. ఒక డ్రాయింగ్ తీయబోయి అన్నీ తీసేశారు. అప్పటికే ఆయన ఒక కంటికి శుక్లం ముదిరింది. యజమాని ఇంకా రాలేదు. సర్వర్ వాళ్ల తప్పని చెప్పేస్తానని బాబాయ్ గారితో అన్నాను.

"అక్కడ పేరేటున్నాది? సదువు."

"మీదే."

"మరి ఆళ్ల మీద ఎందుకెడతావు?" అని లేచి, యజమాని కారు దిగుతుంటే ఎదురెళ్లి తనే చెప్పేశారు. రెండు రోజుల్లో డ్రాయింగులన్నీ వెనక్కి వచ్చాయి. బాబాయ్ గారిని మాత్రం కళ్లు కనపడడం లేదని పంపించేశారు.

చివరి రోజు నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. "నా పేరు తీసీ అమ్మా. మనిషి గేటు దాటకముందే తీసియ్యాల." తీశాను. తెరకి ముఖం ఆనించి, పోయిందో లేదో చూసుకున్నారు. "ఆ లారీ ఎనక్కొచ్చిన రోజు పేర్లు లేవు గాబట్టి సరిపోనాది," అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ పాత డ్రాయింగ్ పెట్టింది నేనే. అంతకుముందు రోజు పాపకి జ్వరం, నాకు నిద్ర లేదు, చెయ్యి పక్క ఫైలు మీదికి పోయింది. యజమాని అరుస్తున్నప్పుడే నాకు గుర్తొచ్చింది, అయినా కాదన్నాను. నా కోసం తన ఉద్యోగం అడ్డం పెట్టిన మనిషి పక్కన కూర్చుని, ఆయన పేరు చెరిపి, ఆ రోజు కూడా నోరు మెదపలేదు. మరుసటి చలికాలం ఆయన పోయారు. ఇప్పుడు ఏ పొరపాటు చేసినా యజమాని అడక్కముందే వెళ్లి చెప్పేస్తాను. దానివల్ల రెండుసార్లు జీతం పెరగలేదు, అయినా చెప్తాను. బాబాయ్ గారికి చెప్పాల్సింది మాత్రం ఎవరికి చెప్పుకోవాలో ఇప్పటికీ తెలియడం లేదు.