మావయ్య వైపు కుంటిన కాలు

ఆ రోజుల్లో నా శరీరం నేను చెప్పినట్టే వింటుందని గట్టిగా నమ్మేవాణ్ణి. నర్సీపట్నంలో, ఒక చక్కెర కర్మాగారం వారి కార్యాలయంలో కొత్తగా గుమాస్తాగా చేరాను. ఏ రైతు చెరుకు తోట ఎప్పుడు నరకాలో తెలిపే కటింగ్ ఆర్డర్లు వరుస తప్పకుండా రాయడం నా పని (వరుస తప్పితే, ఇంకా ఖాయం కాని నా ఉద్యోగమూ పోయేది). నన్ను ఇంట్లో పెట్టుకుని చదివించిన మాకవరపాలెం మావయ్య, సీజను మొదలైన నాటినుంచీ పొద్దున్నే వచ్చి నా బల్ల ఎదుట కూర్చుని, "అల్లుడూ, మన తోట కూసింత ముందుకి జరపరా. ఎండకి బరువు తగ్గిపోతంది" అనేవాడు. ఔననలేక, కాదనలేక, "చూద్దాం మావయ్యా" అని తల వంచుకునేవాణ్ణి. కొద్ది రోజులకే నా ఎడమ కాలు మొద్దుబారింది. విచిత్రమేమిటంటే, ఆఫీసుకు వెళ్లేటప్పుడు మాత్రమే దానిని ఈడ్చుకుంటూ నడిచేవాణ్ణి. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఈ సంగతి కనిపెట్టి, "ఎల్లినప్పుడు కుంటుతావు, వచ్చినప్పుడు బేగి వచ్చేస్తావు. ఏటిరా ఈ కాలు?" అంది. కొయ్యూరు నుంచి తెప్పించిన ఆకుపసరు రాశారు. కాలు ఆకుపచ్చగా మారింది, అంతే. చివరికి మావయ్యే పనులు మానుకుని నన్ను విశాఖపట్నంలో నరాల డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లాడు.

డాక్టరు గారు స్కానింగు చూసి, మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి, గదిలో నడవమన్నారు (తొలి తిమ్మిరి తేదీ మొదలుకొని అన్నీ రాసుకున్న డైరీ తీసి నేను చదవబోతే, మూయించారు). తలుపు వైపు చక్కగా నడిచాను. కుర్చీ పక్కన నిలబడ్డ మావయ్య వైపు తిరిగి వచ్చేటప్పుడు కుంటుతూ వచ్చాను. "పడిపోతావురా" అంటూ ఆయన నన్ను పట్టుకోవడానికి ముందుగానే తలుపు దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. మళ్లీ నడవమంటే, ఈసారి తలుపు వైపు కుంటుతూ వెళ్లాను. డాక్టరు గారు ఏదో ఆలోచించి ఆయనను కిటికీ దగ్గరకు పంపారు. నా కాలు కిటికీ వైపు కుంటింది.

"నరాలు బాగున్నాయి. అలాగని మీరు నటిస్తున్నారనను. ఒత్తిడి ఎక్కువైతే కొందరికి నిజంగానే కాలు ఇలా మాట వినదు" అని, "ఈయనతో మీకేమైనా ఇబ్బందా?" అని మావయ్య ముందే అడిగేశారు. "మావయ్యా, నీ తోట ముందు రాయలేను. నా ఉద్యోగం పోతుంది" అన్నాను. మావయ్య నన్నూ నా కాలినీ మార్చి మార్చి చూశాడు.

"ఓర్నీ! ఈ ముక్క సెప్పడానికి ఇశాపట్నం దాకా రావాలేట్రా? నర్సీపట్నంలో సెప్తే బస్సు బాధ తప్పును గదా!"

"కోపమొచ్చిందా మావయ్యా?"

"వచ్చింది. టిఫిను తిన్నాక తిడతాను, పద."

(తిట్టలేదు. నా ప్లేటులో ఇంకో గారె వేయించాడు.)

కాలు ఒక్కసారిగా బాగుపడలేదు. కొన్ని వారాలు వ్యాయామాలు చేశాక దారికొచ్చింది. మావయ్య తోట తన వంతు వచ్చాకే నరికారు. బరువెంత తగ్గిందో ఆయన నాతో ఎన్నడూ అనలేదు. పైగా, సిఫారసు కోసం వచ్చిన ప్రతివారినీ "మావోణ్ణి అడక్కండి, కాలు పడిపోద్ది" అని బెదిరించి పంపేవాడు. ఇప్పుడు ఎవరినైనా కాదనడానికి నాకు ఏ తడబాటూ లేదు. తలెత్తకుండానే అనేయగలను. అలా అన్న కొన్ని సాయంత్రాలు మాత్రం, ఇష్టమైన మనిషిని కాదనలేక కాలు ఈడ్చుకుంటూ నడిచిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. నాకన్నా వాడే కాస్త మంచివాడేమోననిపించి నవ్వుకుంటాను.