పందొమ్మిదో ఎత్తు

తప్పులక్క జోలికి వెళ్ళకూడదని ఆ చదరంగం క్లబ్బులో అందరికీ తెలుసు. తెలియనట్టు నటించేది ఒక్కర్తే, ఆవిడ ఆడపడుచు.

అసలు పేరుతో ఆవిడను పిలిచి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై నాలుగేళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. స్కూలు పుస్తకమైనా, మందు డబ్బాలో పెట్టే కాగితమైనా ఆవిడ ఎర్ర కలాన్ని తప్పించుకుని ఒక్క పొరపాటు బయటికి పోయేది కాదు. రిటైరయ్యాక దిద్దడానికి కాగితాలు లేక మనుషుల్ని దిద్దడం మొదలుపెట్టింది. మొగుడు "ఫోనొచ్చింది" అంటే, "ఫోను పొద్దుట్నుంచీ ఇంట్లోనే ఉంది, ఇప్పుడు మోగింది" అనేది. ఆయన పాపం బస్సు నడిపి రిటైరైనవాడు. హారన్లకు అలవాటు పడ్డ చెవులు కాబట్టి ఆ కాపురం నిలబడింది.

క్లబ్బంటే బ్యాటరీల కొట్టు పైన రెండు గదులు. ఒకప్పుడు అరవై మంది సభ్యులు. బల్ల దొరకనివాళ్ళు మెట్ల మీద కూర్చుని ఆడేవారు. ఇప్పుడు ఏడుగురు మిగిలారు. అందులో ఇద్దరు పేపరు చదవడానికి, ఒకాయన ఫ్యాను కింద కునుకు తీయడానికి వస్తారు. మూలన ఇనుప బీరువా, దాన్నిండా నలభై ఏళ్ళ ఎత్తుల కాగితాలు. ఆడేటప్పుడు ఇద్దరూ ఎవరికి వారు ప్రతి ఎత్తునూ వరస నంబరు వేసి రాసుకుంటారు. ఆట అయ్యాక గెలిచినవాళ్ళ కాగితం క్లబ్బు ఫైల్లోకి వెళ్తుంది, ఓడినవాళ్ళు తమది ఇంటికి పట్టుకుపోతారు. ఆ బీరువా తాళంచెవి తప్పులక్క బొడ్లో ఉంటుంది. ఎవరైనా అడిగితే ఎందుకో చెప్పాలి, ఎంతసేపో చెప్పాలి, చేతులు కడుక్కుని రావాలి.

ముప్ఫై ఒక్కేళ్ళ కిందట క్లబ్బు కప్పు ఫైనల్లో వదినామరదళ్ళిద్దరూ తలపడ్డారు. తప్పులక్క గెలిచింది. ఆ కప్పు గెలిచిన ఆడమనిషి ఇప్పటికీ ఆవిడొక్కతే. ఓడిన ఆడపడుచు చేయి కలిపి, కాగితాల మీద సంతకం పెట్టి ఇంటికి పోయి, మళ్ళీ ఏ పోటీలోనూ బల్ల ముందు కూర్చోలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి, హెడ్మాస్టర్లను కూడా గడగడలాడించి రిటైరైంది. కానీ ఇంట్లో నలుగురు కలిసినప్పుడల్లా "మా ఆవిడ మా చెల్లెల్ని మట్టి కరిపించింది తెలుసా" అని అన్నగారు మొదలుపెట్టేవాడు. ఆ నవ్వులకి టీచరమ్మ ఇన్నేళ్ళూ పళ్ళు నూరుతూనే ఉంది.

ఈ ఏడాది మొదట్లో ఆవిడ నాలుగు చేతులు లేపించుకుని క్లబ్బు కార్యదర్శి అయి కూర్చుంది. మూడు చేతులు లేవలేదు. వాటిలో ఒకటి కునుకు తీసే ఆయనది, లెక్కలోకి రాదు.

"ఇకమీదట సభ్యత్వం ఆన్‌లైన్లో. ఆట కూడా ఆడుకోవచ్చు. పాత ఆటలన్నీ ఒక్కొక్క ఎత్తూ కంప్యూటర్లోకి ఎక్కిస్తాం, ఎక్కడివాళ్ళయినా చూసుకోవచ్చు," అంది టీచరమ్మ మొదటి మీటింగులో.

"ఎవడు చూస్తాడు?" అంది తప్పులక్క.

"చూసేవాళ్ళు చూస్తారు వదినా."

"బంటు చేతికి తగలకుండా ఆడేది కూడా ఒక ఆటేనా? అద్దం మీద వేలు గీక్కోడానికి క్లబ్బెందుకు, ఎవరింట్లో వాళ్ళు గీక్కోవచ్చుగా!"

"మీరు చెప్పేది అయిపోయిందా?"

టీచరమ్మకు ఒళ్ళు మండితే వదిన 'మీరు' అయిపోతుంది. ఆ 'మీరు'లో గౌరవం ఎంతుంటుందో ఇంటిల్లిపాదికీ తెలుసు.

తప్పులక్కది చాదస్తమని అందరూ అనుకున్నారు. చాదస్తమూ కాదు, పాడూ కాదు. భయం. పన్నెండేళ్ళ కిందట ఆవిడ పాత కాగితాలు సర్దుతూ, తన ఫైనల్ ఆటను మురిపెంగా బల్ల మీద పేర్చి చూసుకుంది. తొమ్మిదో ఎత్తులో చెక్ పడితే రాజును ఒక గడి పక్కకు జరిపింది. పదమూడో ఎత్తులో మళ్ళీ తెచ్చి దాని గడిలో పెట్టింది. పందొమ్మిదో ఎత్తులో కోట కట్టింది, అంటే రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపి రాజును మూలకు దాచింది. ఆ ఏనుగే ఆట గెలిపించింది. కానీ ఒకసారి కదిలిన రాజు తిరిగొచ్చి తన గడిలో బుద్ధిగా కూర్చున్నా సరే, దానికిక కోట కట్టే హక్కు లేదు. ఆట నేర్చుకున్న మొదటి వారంలోనే చెప్పే సంగతి ఇది. ఆవిడ మరిచిపోయింది. ఎదుటి మనిషి చూడలేదు. రిఫరీ చూడలేదు. చుట్టూ ఎగబడి నిలబడ్డ నలభై మందిలో ఒక్కడూ చూడలేదు!

అందరి తప్పులూ పట్టిన మనిషికి తన ఒకే ఒక్క గెలుపు అలా తేలింది. తల తీసేసినట్టయింది. మొగుడికి కూడా చెప్పకుండా కాగితాన్ని ఫైల్లో పెట్టేసి, బీరువాకు కొత్త తాళం వేయించింది. ఇప్పుడా ఆట కంప్యూటర్లోకి ఎక్కితే ఏముంది, మొహమాటం లేని యంత్రం పందొమ్మిదో ఎత్తు దగ్గర ఆగిపోయి, 'ఈ ఎత్తు చెల్లదు' అని ఎర్రగా చూపిస్తుంది. అదీ ఆడపడుచు కళ్ళెదుట.

అందుకని రోజుకో సాకు. ఒకరోజు తాళంచెవి కనబడలేదు. మరోరోజు దుమ్ముకి తుమ్ములు. చివరికి ఒక ఫైలు తిరిగొచ్చాకే ఇంకో ఫైలు ఇస్తానని మడత పేచీ పెట్టింది. అయినా టీచరమ్మ వదల్లేదు. నాలుగు నెలలు ఆ ఇద్దరూ ఒకే గదిలో ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చున్నారు.

"ఇది గుర్రమా, ఏనుగా? ఎవరు రాశారీ కోడిగీతలు?" అనేది టీచరమ్మ.

"నీ దగ్గర చదువుకున్నవాళ్ళే అయ్యుంటారు," అనేది తప్పులక్క.

ఈలోగా ఆన్‌లైన్లో ఇరవై ఆరుగురు చేరారు. ఎక్కడో ఆస్పత్రిలో పనిచేసే నర్సట, లారీ మెకానిక్కట. పాత ఆటలు చూస్తూ ప్రశ్నలు కూడా పంపుతున్నారు. తప్పులక్కకు కడుపు మండిపోయింది. తను నలభై ఏళ్ళు కాపాడిన కాగితాలను ఊరూ పేరూ తెలియని జనం చేతులు కడుక్కోకుండా చూస్తున్నారు!

తన ఫైలు వంతు వచ్చే ముందు రోజు ఆ కాగితాన్ని సంచీలో వేసుకుని ఇంటికి పోయింది. మధ్యాహ్నం మొగుడు పడుకున్నాక వంటగది బల్ల మీద పరిచి, బ్లేడు తీసింది. గీకాల్సింది రెండే చోట్ల. తొమ్మిదో ఎత్తులో రాజు, పదమూడో ఎత్తులో రాజు. వాటి బదులు ఇంకేదైనా పావు రాస్తే చాలు, కోట సక్రమమైపోతుంది. బ్లేడు పట్టుకుని అరగంట కూర్చుంది. ప్రెస్సులో దిద్దిన ప్రతి తప్పు పక్కనా తన పొట్టి సంతకం పెట్టిన మనిషి. దొంగచాటుగా ఒక్క అక్షరం మార్చి ఎరగదు. చెయ్యి రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసి, ఆ కోపానికి ఏడుపు కూడా వచ్చింది. బ్లేడు తీసి చెత్తబుట్టలో పారేసి, కాగితం మళ్ళీ సంచీలో పెట్టింది.

మర్నాడు క్లబ్బుకి వెళ్ళీ వెళ్ళగానే, "ఆ ఏడాది ఫైనల్ కాగితం లేదు. చెదలు తినేశాయి," అంది.

"ఇనుప బీరువాలోనా?"

"తిన్నాయంటున్నానా!"

"తింటే తిననీలే వదినా. ఆ ఆట నేను మొదటి రోజే ఎక్కించేశాను. నా కాగితం నా దగ్గరుందిగా."

తప్పులక్క గుండెల్లో రాయి పడింది. ఓడిపోయిన కాగితం ఎవరు దాచుకుంటారులే అనుకుంది ఇన్నాళ్ళూ. టీచరమ్మ భుజం మీదుగా వంగి, మౌస్ లాక్కుని, ఆ ఆట తెరిచి ఒక్కొక్క ఎత్తే నొక్కుతూ పోయింది. తొమ్మిదో ఎత్తులో రాజు కదల్లేదు. శకటు వచ్చి అడ్డం నిలబడింది. పదమూడో ఎత్తులో శకటు వెనక్కి పోయింది. పందొమ్మిదిలో రాజు దర్జాగా కోట కట్టింది. యంత్రం కిక్కురుమనలేదు. కింద ఆవిడ పేరు, పక్కన 'విజేత' అని ఉంది.

పన్నెండేళ్ళ బరువు దిగిపోవాలి నిజానికి. దిగలేదు సరికదా, అరికాలి మంట నెత్తికెక్కింది.

"జరిగింది నా రాజు. శకటు కాదు."

టీచరమ్మ తల తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఓడిన రోజు నుంచే. ఇంటికెళ్ళి పేర్చి చూసుకున్నాను."

"మరి అప్పుడే ఏడవలేకపోయావా?"

"ఏమని ఏడవను? లెక్కల టీచరు కళ్ళ ముందు రాజు వెళ్ళి తిరిగొస్తే చూసుకోలేదట అని బళ్ళో పిల్లలు కూడా నవ్వుకోవాలా? దానికంటే నీ చేతిలో ఓడిపోవడమే నయమనిపించింది. అన్నయ్య నవ్వితే నవ్వాడు, చచ్చినట్టు పడ్డాను."

"అందుకని నా ఆట మార్చేస్తావా?"

"నా పరువు కోసం మార్చాను. మీది కూడా కలిసొచ్చింది, సంతోషించండి!"

"నేను వెయ్యని ఎత్తు నా పేరు మీద ఉండటానికి వీల్లేదు. లే అక్కణ్ణుంచి."

తప్పులక్క సంచీలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"చెదలు తిన్నాయన్నారు?"

"కక్కాయి. లే!"

ఆ కేకకి ఫ్యాను కింద ఆయన కూడా లేచి కూర్చున్నాడు. తప్పులక్క కుర్చీలో కూర్చుని, ఉన్న ఎత్తులన్నీ చెరిపేసి, ఒంటి వేలితో మొదటి ఎత్తు నుంచీ కొట్టుకొచ్చింది. తొమ్మిదిలో రాజు పక్కకు. పదమూడులో రాజు వెనక్కి. పందొమ్మిది కొట్టగానే ఎర్రగా వచ్చింది, 'ఈ ఎత్తు చెల్లదు' అని. ఆట అక్కడే ఆగిపోయింది, ఆవిడ పేరు పక్కన 'విజేత' మాత్రం అలాగే ఉంది. కింద ఏదైనా రాయాలంటే రాసుకోవడానికి ఖాళీ గడి ఒకటుంది. అందులో ఇలా రాసింది: 'పందొమ్మిదో ఎత్తు తప్పు. వేసింది నేను. చూడనిది ఎదుటి మనిషి.' రెండుసార్లు చదువుకుని నొక్కేసింది. ఇరవై ఆరుగురికీ, ఇంకా ఎంతమంది ఉంటే అంతమందికీ కనబడేలా అది తెర మీదకు ఎక్కింది.

"ఆ చివరి ముక్క తీసెయ్యండి," అంది టీచరమ్మ.

"తియ్యను."

"గెలుపు మాత్రం మీ పేరు మీదే అట్టిపెట్టుకున్నారే?"

"సంతకాలయ్యాక ఫలితం మారదు. అది రూలు. సంతకం పెట్టింది నువ్వే."

"ఇంత జరిగాక కూడా ఆ కప్పు మీదేననడానికి సిగ్గుగా లేదూ?"

తప్పులక్క కుర్చీలోంచి లేచి, కాగితాన్ని మడవకుండా ఫైల్లో దాని చోట పెట్టింది.

"ఉంది," అంది. "అందుకేగా రాశాను."