మొదటి వంతు ఎవరికి

అలెగ్జాండ్రియాలోని కర్మూజ్ పేటలో, ఆ నాలుగంతస్తుల ఇంటి ఆడవాళ్లు వేసుకునే చీటీకి ఇన్సాఫ్ పెద్ద. అందులో పాట ఉండదు. నెలనెలా అందరూ సమానంగా వేసిన సొమ్ము వంతులవారీగా ఒక్కొక్కరికి చేరుతుంది. ఎవరి వంతు ఎప్పుడో ఇన్సాఫ్ నిర్ణయించేది. భర్త పోయాక కుట్టుమిషను ఆమెకు కూడు పెట్టింది. గౌరవం పెట్టింది మాత్రం చీటీయే. మొదటి వంతు కోసం వేడివేడి బస్‌బూసా మిఠాయి పట్టుకుని ఆమె గడప తొక్కనివారు లేరు.

మూడో అంతస్తులో కాపురానికి దిగిన రావియా ఆ వైభవాన్ని ఒక్క పుస్తకంతో తలకిందులు చేసింది. ఇంటి ఖర్చును అదుపులో పెట్టుకోవడం గురించిన పుస్తకమది. గురువారాల్లో మేడ మీద ఆమె దాన్ని చదివి వినిపిస్తుంటే, బట్టలారేయడానికి వచ్చినవాళ్లు తడిబట్టలు చేతుల్లోనే మరచిపోయేవారు. చీటీ సొమ్ము ముందు తీసుకుంటే అప్పుతో సమానమనీ, చివర తీసుకుంటేనే పొదుపనీ అందులో ఉంది. న్యాయంగా చూస్తే ఆ మాటలో తప్పు లేదు. ఇన్సాఫ్‌కు కంటగింపైనది ఆ మాట కాదు, ఆ గొంతు. తన ఎదుట ఎవరూ ఏనాడూ అంత నిశ్శబ్దంగా కూర్చోలేదు.

కొత్త చీటీకి వంతులు వేసే రోజున అందరూ ఇన్సాఫ్ ఇంట్లో చేరారు.

“నాకు చివరిది, అబ్లా,” అని పెద్దక్కను పిలిచినట్టు ఇన్సాఫ్‌తో అంది కింది వాటా హనియ్య.

“పోయినేడు మొదటిది కావాలని ఏడ్చింది నువ్వేగా?” అని ఎదురు వాటా తహానీ ఎత్తిపొడిచింది.

“అప్పుడు బుద్ధి లేదు. ఇప్పుడు పుస్తకం విన్నా.”

“విన్నవి చెవులేగా, బుద్ధెప్పుడొచ్చింది?”

చివరి వంతు కోసం అందరూ కొట్టుకుంటున్నారు. మొదటి దానికి దిక్కు లేదు. అది తీసుకునేవారు లేనిదే చీటీ లేదు. చెడితే ఆ అపకీర్తి రావియాకేనని ఇన్సాఫ్ లోలోపల మురిసింది. అయితే ఇన్సాఫ్ ఇంట్లోనే ఫ్రిజ్ పాడైపోయింది, రంజాన్ ముంచుకొస్తోంది. మొదటి వంతు నిజంగా కావలసినది ఆమెకే. అడిగితే ఆ పిల్ల ముందు పొదుపు తెలియనిదవుతుంది.

“నాకూ చివరిదే,” అనేసింది.

రావియా ముఖం చిన్నబోయింది. “తప్పు నాదే అబ్లా. అవసరమున్నవాళ్లు ముందు తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. బట్టలారేసే తొందరలో ఆ పేజీ వదిలేశా. ఎవరికి అవసరమో సిగ్గుపడకుండా అడగండి.”

తప్పు ఒప్పుకోవడంలోనూ ఈ పిల్లే ముందు! అనుకుంది ఇన్సాఫ్. కానీ ఇన్నేళ్ల చీటీ తన మౌనం వల్లే చెడుతుందని ఆమెకు తెలుసు.

“మొదటిది నాకు. ఫ్రిజ్ పోయింది.”

“ఫ్రిజ్‌లో చోటు లేదని చెప్పి మా ఇంట్లో వెన్న పెట్టావుగా!” అంది తహానీ. గదంతా నవ్వింది.

ఇన్సాఫ్ రావియా వైపు చెయ్యి చాచింది. “ఆ పుస్తకం ఇలా ఇయ్యి.”

“చదువుతారా అబ్లా?”

“తప్పులు వెతుకుతా. వచ్చే గురువారం చదివేది నేను. నువ్వు బట్టలారెయ్యి.”