ముడుపులో పావలా

స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై ఐదేండ్లు అవుతున్న సందర్భంగా కొత్త నాణేలు తెస్తారట, వాటి మీద ప్రత్యేకమైన గుర్తు వేస్తారట. టీవీలో ఆ వార్త రెండు ముక్కల్లో చెప్పి అయిపోగొట్టారు. అన్నం కలుపుతున్న మా అమ్మ చెయ్యి మాత్రం పళ్లెంలోనే ఆగిపోయింది. ఆమె దేవుని గూటి వైపు చూసింది.

గూట్లో ఒక ముడుపు ఉంది. పసుపు గుడ్డలో కట్టిన రూపాయి పావలా. అంతకు ముందటి ఏడాది కరోనా వచ్చి నేను పాలమూరు దవాఖానలో ముక్కుకు గొట్టంతో పడి ఉన్నాను. అమ్మను లోపలికి రానివ్వలేదు. ఆమె ఇంటికి పోయి, తలస్నానం చేసి, ఆలంపూర్ జోగులాంబకు నా పేరున ముడుపు కట్టింది. కొడుకు లేచి తిరిగితే నీ గడప ఎక్కి నా చేత్తో వేస్తానని మొక్కింది. నేను లేచాను, తిరిగాను. యముడు నా మంచం దాకా వచ్చి, నేను చెప్పిన కథ విని, పొట్ట పట్టుకుని నవ్వి, వచ్చిన పని మరిచి వెళ్లిపోయాడని ఊరంతా చెప్పుకున్నాను కూడా. ముడుపు మాత్రం గూట్లోనే ఉండిపోయింది. మొదట గుడి మూసి ఉంది, తెరిచేసరికి గొర్లకు రోగం తగిలింది, ఆ తర్వాత నా బద్ధకం.

మొక్కుకు రూపాయి పావలా కట్టడం మా గొర్ల కాపరుల ఇండ్లలో పాత పద్ధతి. పావలా బజారులో చెల్లక చాలా ఏండ్లయినా, ముసలివాళ్లు మొక్కుల కోసం నాలుగైదు దాచుకునే ఉంటారు. అది చెల్లదన్న సంగతి మా అమ్మకు తెలియదు. పావలాకు వచ్చే వస్తువే లేకపోయాక ఆమె దాన్ని ఎవరికీ ఇచ్చి చూడలేదు. కానీ పెద్ద నోట్లు రద్దయిన ఏడాది గొర్లమ్మిన డబ్బు కొంగున కట్టుకుని బ్యాంకు ముందు ఎండలో నిలబడిన మనిషి ఆమె. కొత్తవి వస్తే పాతవి పోతాయని ఆ ఎండలోనే నేర్చుకుంది.

ఇవి యాది కోసం తెచ్చేవి, పాతవాటికి ఏమీ కాదని నేను చెప్పాను. పావలా సంగతి ఒక్కటి దాచినా, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు అలవాటు లేని పని. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“యమున్ని నవ్విచ్చినోనివి, నీ మాట ఎట్ల నమ్మాలె కొడుకా? చెల్లని పైసలిచ్చి కొడుకును దక్కిచ్చుకుంటవానే అని జోగులాంబ తల్లి అడిగితే ఏం జెప్పాలె నేను?”

నవ్వేసి, ఆదివారం తీసుకుపోతానన్నాను.

మరునాడు గొర్లను తోలి ఇంటికి వచ్చేసరికి గూడు ఖాళీగా ఉంది. పొద్దున నా భార్య పెట్టిపోయిన సద్ది గిన్నె మూత కూడా తీయలేదు. మొక్కు తీర్చబోయే మనిషి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. మా అమ్మకు షుగర్ ఉంది. కిందటి నెలలోనే, ఒక పూట తినడం ఆలస్యమై, దొడ్డి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. మళ్లీ అట్లా పడితే లేవడం కష్టమని డాక్టర్ నాకు ఒక్కనికే చెప్పాడు. ఆమెకు ఫోన్ లేదు.

చౌరస్తా దాకా పరుగెత్తాను. హోటలాయనను పట్టుకుని, మా అమ్మ కనబడిందా, తినకుండా ఎటో పోయిందని అడిగాను. ఆయన చాయ్ వడపోస్తూనే ఉన్నాడు.

“మొన్న నీ పొట్టేలు కర్నూల్ బస్సెక్కి సీటు కోసం కొట్లాడిందంటివి. ఇయ్యాల మీ అమ్మెక్కిందా?”

బల్లల మీది వాళ్లు నవ్వారు. నేను మాట లేకుండా నిలబడటం ఆయన ఎన్నడూ చూడలేదేమో, గిన్నె దించి, “నిజంగనేనానే? పొద్దుగాల కర్నూల్ బస్సే ఎక్కింది. చేతుల పసుపు మూట ఉండె,” అన్నాడు.

బస్సులో కూర్చున్నాక నా బుర్ర నా మీదికే తిరిగింది. ఇన్నేండ్లు జనానికి కథలల్లిన బుర్ర. ఆలంపూర్ దారిలో ఎండలో పడిపోయిన ముసలమ్మ. చుట్టూ మూగిన జనం. ఎవరి తల్లో అని ఎవరో అడగడం. ఒకటి తుడిచేస్తే ఇంకొకటి, వద్దన్నా వచ్చేవి. బీచుపల్లి వంతెన మీద బస్సులో వాళ్లు కిటికీల్లోంచి కృష్ణలోకి నాణేలు విసిరి దండం పెట్టుకున్నారు. నేను చెయ్యి జేబులో పెట్టాను, కానీ ఏమని మొక్కాలో తోచక అట్లాగే ఉండిపోయాను.

ఆలంపూర్ గుడిలో అమ్మ హుండీకి కొంచెం దూరంగా, రాతి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. మెడ నిండా చెమట. కుడి పిడికిలి మూసి ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎందుకైనా మంచిదని బయట పూలమ్మే ఆమెను అడిగిందట. రూపాయికి ఢోకా లేదు, పావలా ఎప్పుడో పోయిందని ఆమె చెప్పిందట. అప్పటి నుంచీ అక్కడే కూర్చుంది. వేయలేదు, వెనక్కి రాలేదు.

ప్రసాదం పులిహోర తెచ్చి నోటి దగ్గర పెట్టాను. ముఖం తిప్పుకుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

“ముడుపు పడందే మెతుకు ముట్ట. పావలా నడుస్తదా? నిజం జెప్పు.”

“నడుస్తదమ్మా.”

“నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు.”

ఎదురుగా గర్భగుడి. లోపల, జుట్టులో తేలూ కప్పా బల్లీ ఉన్న తల్లి. నా కథలకు నవ్వే మనిషి కాదు ఆమె. అమ్మ తల మీద చెయ్యి పెట్టాను. వెంట్రుకలు తడిగా ఉన్నాయి. నడుస్తదని మళ్లీ అన్నాను. పుట్టినప్పటి నుంచి నేను ఆడిన అబద్ధాల్లో అమ్మ అడ్డం తిరగకుండా నమ్మింది అదొక్కటే.

నా భుజం పట్టుకుని లేచింది. ముడుపును కండ్లకద్దుకుని హుండీలో వేసింది. పులిహోర నా చేత్తోనే తిన్నది. కాసేపటికి పెదవులకు రంగు తిరిగింది.

తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఇంత నిశ్చింతగా ఆమె నిద్రపోవడం కరోనా తర్వాత నేను చూడలేదు. నాకు మాత్రం అరచేతిలో ఆమె తల తడి ఇంకా తగులుతున్నట్టే ఉంది. బస్సు కుదుపుకు ఆమె తల ఒకసారి పక్కకు జారింది. సరిచేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి వెచ్చగా తగిలింది. వేలు తీస్తే మళ్లీ భయం వేసింది. మా చౌరస్తా వచ్చేదాకా తీయలేదు.