నలభై దగ్గర కుదుపు

మొన్న సర్వీసింగుకిస్తే, మెకానిక్ నా కారుకు అరచేతిలో పట్టే యంత్రమొకటి తగిలించి, రెండు నిమిషాల్లో "త్రాటిల్ సెన్సర్ పోయింది సార్, కొత్తది ఏస్తే అయిపోతది" అన్నాడు. నాకు మెట్‌పల్లిలో మా మేనత్త ఇంటి ముందటి రేకుల షెడ్డు గుర్తుకొచ్చింది. తొంభైల చివర్లో ఒక శనివారం పొద్దున అక్కడ ఉన్నవాళ్లం ముగ్గురం: అత్త, ఆమె మరిది, పాలిటెక్నిక్ అప్పుడే పూర్తిచేసిన నేను. ఉన్న వస్తువులు: మామ దుబాయి నుంచి ఓడలో తెచ్చుకున్న పాత జపాన్ కారు, ముల్లు తిరిగే మల్టీమీటరు, రెండు స్క్రూడ్రైవర్లు, వైర్లకు గుచ్చడానికి అత్త చీరకున్న పిన్నీసులు. మామ లేడు. గుండె ఆగి పోయి ఆరు నెలలైంది.

దుబాయిలో కంపెనీ ట్యాంకరును నూరు మీద తోలిన మనిషి, సొంత కారును ఐదేళ్లలో నలభై దాటనివ్వలేదు. ఖానాపూర్‌లో పెళ్లికి అందరితో పాటు బయల్దేరినా రెండో బంతికి అందుకునేవాళ్లం. అత్త దారి పొడవునా దెప్పేది. "సైకిలోడు గూడ దాటిపోతుండు, జర సిగ్గనిపిస్తలేదా?" మామ స్పీడు ముల్లు వైపు చూసుకుని, నలభై మీదే ఉందని తృప్తిపడేవాడు.

ఆయన పోయాక కారుకు కొత్త రోగం బయటపడింది. ఇరవైలో బాగుండేది, అరవైలో బాగుండేది. సరిగ్గా నలభై దగ్గర, ఎవరో కాలు తీసి మళ్లీ పెట్టినట్టు కుదిపేది. అప్పుడప్పుడు నడిపే మరిది హడలిపోయాడు. "వదినె, ఇగ నాతోని కాదు. అన్న నా కాలు మీద కాలేసి తొక్కినట్టయితుంది." కారు అమ్మేద్దామని అతనే బేరం కుదిర్చాడు. అత్తకు మాత్రం భయం లేదు. ఆదివారం ఆదివారం అతన్ని బతిమాలి ఊరి బయటిదాకా కారులో వెళ్లి, ఆ కుదుపు వచ్చాక వెనక్కి తిప్పించేదట. మరిది పిలిపిస్తే వెళ్లిన నన్ను చూడగానే చెప్పింది: "బాగుచేయకు అల్లుడా. ఆయనది గదొక్కటే మిగిలింది."

చూస్తానంతే, బాగుచేయనని మాటిచ్చాను. ప్లగ్గులు, పెట్రోలు ఫిల్టరు, గాలి పైపు, యాక్సిలరేటరు కేబులు ఒక్కొక్కటే చూసి కొట్టేశాను. మిగిలింది సెన్సరు. మనం ఎంత తొక్కామో ఇంజనుకు చెప్పే నల్ల డబ్బా అది; పెడల్ తొక్కినకొద్దీ లోపల ఒక రేకు సన్నటి పూత మీద జరుగుతుంది. దాని వైర్లకు పిన్నీసులు గుచ్చి మల్టీమీటరు తగిలించి, అత్తను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, పెడల్ మెల్లగా తొక్కమన్నాను. ఆ సీట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. మీటరు ముల్లు నున్నగా లేచింది, ఒకచోట టక్కున పడి మళ్లీ లేచింది. ఏడుసార్లు తొక్కించాను. ఏడుసార్లూ అక్కడే.

పరీక్ష పాసైనవాడిలా చెప్పాను. "దయ్యం గియ్యం కాదత్తా. మామ ఐదేండ్లు కాలు ఒక్క తాననే పెట్టిండు. గా జాగల లోపలి పూత అరిగింది. అంతే."

అత్త పెడల్ మీదినుంచి కాలు తీయలేదు. "అంటే గది ఆయన కాలే గదరా."

నేను మీటరు వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

"రేపు గిరాకి వస్తడు వదినె," అన్నాడు మరిది, ఎటో చూస్తూ. "జట్కలు కొట్టే బండిని ఎవడు తీసుకుంటడు?"

అత్త దిగి, కొంగుతో పెడల్ తుడిచింది. "చెయ్యి అల్లుడా. పరాయోని కాలు కింద ఆయన ఉండద్దు."

కొత్త సెన్సరు హైదరాబాదులోనే దొరకడం కష్టం. రెండు స్క్రూలు వదులుచేసి, అరిగిన చోటు నలభై దగ్గరికి రాకుండా డబ్బాను కొద్దిగా తిప్పి బిగించాను. ముగ్గురం కారెక్కి మెయిన్ రోడ్డు పట్టాం. ముప్పై. నలభై. అత్త చెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆనించి ఎదురుచూసింది. బండి నూనె రాసినట్టు సాగిపోయింది. కావాలని నలభై మీదే రెండు మైళ్లు నడిపాను. ఏమీ రాలేదు. వెనక సీట్లో మరిది ఊపిరి వదిలాడు.

"పోయిండు," అంది అత్త. "తిప్పు, ఇంటికి పోదాం."

మర్నాడు కారు అమ్ముడుపోయింది. ఆ తర్వాత నేను చాలా బళ్లు బాగుచేశాను, ఏ ఒక్కటీ అంత కచ్చితంగా కుదరలేదు, ఏ ఒక్కటీ ఇట్లా వెంటాడలేదు. ఐదేళ్ల కాలం అరగదీసిన చోటును దాటించడానికి నేను సెన్సరును తిప్పింది మూడు మిల్లీమీటర్లు.